నీటి సంఘానికి నిలబడుతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు మన నీటి సంఘం అధ్యక్ష పదవికి నిలబడుతున్నావనీ, ఆయకట్టులో ఒక్కో భాగం నుంచి వచ్చే టీసీ మెంబర్లలో ముగ్గురు అప్పుడే నీ వైపు ఉన్నారనీ చెప్పాడు. మీ పెద్దమ్మకు చెబితే, "ఆడపిల్ల, రాత్రిపూట కాలువ గట్టు మీద తిరగాల్సి వస్తుంది కదా" అని కంగారుపడింది. నాకు మాత్రం గుండె నిండిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసింది. అప్పటి నుంచి నాకూ టెన్షన్ పట్టుకుంది. అయితే నా భయం పాముల గురించి కాదు. అది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఆయకట్టు జాబితా పట్టుకుని ప్రతి బోదె, అంటే చేలకు నీళ్లు పారే చిన్న కాలువ, చివరిదాకా నీ కాళ్లతో నువ్వు నడిచి చూడు. కాలువలు కట్టేసిన రోజుల్లోనే పూడిక, తూడు, గుర్రపుడెక్క తీయించు. జూన్‌లో నీళ్లు వదిలాక ఏం చేసినా తూతూమంత్రమే. లెక్కలు ఎవరో అడిగేదాకా ఆగకు, నువ్వే చదివి వినిపించు. రాత్రి గట్టు మీదికి వెళ్లాల్సి వస్తే పక్కన మనిషి, చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు ఉండాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. మీ నాన్నకు సగమే తెలుసు.

1997లో నీటి సంఘాల చట్టం వచ్చి మొదటిసారి ఎన్నికలు పెట్టినప్పుడు నేను అధ్యక్షుణ్ణయ్యాను. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించి గోదావరిని కాలువల్లోకి మళ్లించాడు గానీ, ఎగువ రైతు చేను దాటించి దిగువ రైతు చేలోకి నీళ్లు చేర్చాల్సింది మనుషులే. వానాకాలం పంట సార్వాలో ఎలాగోలా గడిచిపోతుంది. రెండో పంట దాళ్వాలో నది సన్నబడి, సీలేరు నుంచి వచ్చే నీళ్లు కలుపుకుని వంతులవారీగా వదిలేటప్పుడు ఒక గంట తేడాకే కర్రలు లేస్తాయి. మనదేమో కాలువ చివరి శివారు. అందుకని నేను గట్టిగా ఉన్నాను. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు దించాలో అంతా నా నోటి మాట మీదే నడవాలన్నాను. మొదటి ఏడాది అది పనిచేసింది. ఎన్నో ఏళ్ల తర్వాత మన చివరి మడిదాకా నీళ్లు వచ్చాయి. జనం దండలు వేశారు. నా మాట వల్లే నీళ్లొచ్చాయని నేనూ నమ్మాను.

మన కాలువకు అప్పుడొక లస్కరు, గట్టును కాచి షట్టర్లు తిప్పే పనివాడు, ఉండేవాడు. గట్టు మీద ఎక్కడ నేల మెత్తగా ఉందో చెప్పులు విప్పి నడిచి చెప్పగలిగేవాడు. రెండో ఏడాది దాళ్వా నారుమళ్లప్పుడు, చివరి బోదె మీద ఒకావిడ నారు ఎండిపోతోందని వంతుకు గంట ముందే షట్టర్ రెండు చుట్లు లేపాడు. నాకు చెప్పలేదు. తెల్లారాక రావిచెట్టు కింద టీ కొట్టు దగ్గర, పాతికమంది ముందు, అతన్ని నిలబెట్టి కడిగేశాను. "సంఘానికి అధ్యక్షుడివి నువ్వా, నేనా? ఇక నుంచి నా మాట లేకుండా ఆకు కూడా కదలకూడదు" అన్నాను. అతను తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు. "చిత్తం బాబూ" అన్నాడు. నేను టీ తాగి ఇంటికొచ్చాను. ఆ రోజు నాకు పెద్ద పని చేసినట్టే ఉంది తల్లీ.

రెండు నెలలు గడిచాయి. చేలు పొట్ట మీద, వెన్ను బయటికి రాబోయే దశలో ఉన్నాయి. మీ పెద్దమ్మ, నేను ఇంటికి తాళం వేసి కాకినాడలో పెళ్లికి వెళ్లాం. ఆ రాత్రి కాలువ నిండుగా ఉంది. పెద్ద మలుపు దగ్గర పీత బొరియలోంచి గట్టు అవతలి వైపుకు ఊట మొదలైంది. ఊట నీళ్లు తేటగా వస్తే కంగారు అక్కర్లేదు, కాపలా ఉంటే చాలు. బురదగా వస్తే మాత్రం లోపల మన్ను కోసుకుపోతున్నట్టు లెక్క, ఆ గట్టుకు ఇక గంటలే. లస్కరు చూసేసరికి బురదగానే వస్తోంది. పైన షట్టర్ దించితే నీటి ఒత్తిడి తగ్గేది. నలుగుర్ని లేపి బొరియ నోట గడ్డి కుక్కి, ఇసుక బస్తాలు వేసినా నిలిచేది. ఇవన్నీ నాకంటే అతనికే బాగా తెలుసు.

అతను సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. తలుపు తాళం. సెల్‌ఫోన్లు లేని రోజులు. మా అరుగు మీద కూర్చున్నాడు. షట్టర్ హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని, చలిలో, తెల్లారేదాకా కూర్చున్నాడు. ఇద్దరు రైతులు వచ్చి అడిగితే, "బాబుగారు రావాలండి" అన్నాడట. వాళ్లూ వెనక్కి వెళ్లిపోయారు. టీ కొట్టు దగ్గర వాళ్లూ ఉన్నారుగా.

తెల్లవారేసరికి గండి పడింది. 30 ఎకరాల్లో పొట్ట మీదున్న చేలు పడిపోయి మన్ను మేట వేసింది. సరుగుడు కర్రలు పాతి, తాటాకు తడికలు కట్టి గండి పూడ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ శివారుకు చుక్క నీళ్లు లేవు. నేను కాకినాడ నుంచి వచ్చి గట్టు మీద నిలబడి, "ఎందుకు దించలేదయ్యా?" అని అడిగాను. "తమరు చెప్పలేదు కదండీ" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నువ్వు ఎంబీఏ చదివేటప్పుడు సంక్రాంతికి వచ్చి, అరిసెలు తింటూ ఒక పరిశోధన గురించి చెప్పావు, గుర్తుందా? కర్ట్ లెవిన్, ఆయనతో పనిచేసిన మరో ఇద్దరు 1939లో అచ్చువేసింది. పదేళ్ల మగపిల్లల్ని చిన్న క్లబ్బులుగా చేసి, మూడు రకాల పెద్దమనుషుల్ని మార్చి మార్చి పెట్టారన్నావు. హుకుం చేసే ఆయన గదిలోంచి బయటికి వెళ్లగానే పిల్లలు పని వదిలేశారనీ, అందరితో మాట్లాడి చేయించే ఆయన వెళ్లినా పని ఆగలేదనీ చెప్పావు. ఏదీ పట్టించుకోని ఆయన దగ్గర పని ముందే అంతంతమాత్రం. పిల్లలు వాళ్లే, మీద ఉన్న మనిషి మారితే వాళ్ల నడత మారిపోయిందన్నావు. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. నీ మాట నచ్చక వెళ్లాననుకుని నువ్వు చిన్నబుచ్చుకున్నావని తర్వాత మీ అమ్మ చెప్పింది. అది కాదు తల్లీ. నాకు అరుగు మీద కూర్చున్న మనిషి కనిపించాడు.

అలాగని ఎప్పుడూ మెత్తగా ఉండమని నేను చెప్పను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు, మన ఏటిగట్టు మీద ఊరి పెద్దాయన ఒకాయన ఎవర్నీ సలహా అడగలేదు. "నువ్వు బస్తాలు, నువ్వు ఇసుక, నువ్వు పిల్లల్ని స్కూలు మేడ మీదికి" అని వేలు చూపించాడు, అంతే. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎందుకంటే మామూలు రోజుల్లో ఆయన అరుగు మీద అందరి మాటా విన్నాకే నోరు తెరిచేవాడు. ఆ రాత్రి ఆయన హుకుం చెల్లడానికి వెనక అన్నేళ్ల వినడం ఉంది. నాకు అది లేదు. వరద రోజు గొంతునే నేను రోజూ వాడాను.

నా తర్వాత వచ్చిన అధ్యక్షుడు నన్ను చూసి భయపడి పూర్తిగా వదిలేశాడు. ఎవరేం అడిగినా "మీ ఇష్టమండి" అనేవాడు. మంచి మనిషని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఎగువ మోటార్లు ఆగలేదు, మన చివరి మళ్లు నెర్రెలిచ్చాయి. అది కూడా చేయకు.

ఆడపిల్లవని మొదటి నెలలోనే నిన్ను పరీక్షిస్తారు. నీ ముందు నవ్వుతారు, చెప్పిన టైముకు తూము దించరు. గొంతు పెంచాలనిపిస్తుంది. నాకు భయం అక్కడే. నీకు నా కోపం వచ్చిందని చిన్నప్పటి నుంచీ అందరూ మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే గుబులుగా ఉంది. వంతు తప్పిన వాడికి రూలు ప్రకారం జరిమానా వెయ్యి, అందరి ముందే వెయ్యి, అందులో మొహమాటం వద్దు. కానీ మంచికి పోయి తప్పు చేసిన పనివాణ్ణి మాత్రం పక్కకు పిలిచి మాట్లాడు. నిన్ను అడక్కుండా లస్కరు ఏమేం చేయొచ్చో మొదటి మీటింగ్‌లోనే తీర్మానం రాయించు. గట్టు ప్రమాదంలో ఉంటే షట్టర్ దించే హక్కు అతనిదేనని అందులో మొదటి మాటగా ఉండాలి. ఎప్పుడైనా పొరపాటున దించితే, నష్టం సంఘం భరిస్తుందని కూడా రాయించు. ఆ వాక్యం లేకపోతే అతను మళ్లీ వచ్చి నీ అరుగు మీదే కూర్చుంటాడు.

ఆ గండి తర్వాత నేను లస్కరు ఇంటికి వెళ్లాను. చీకటి పడ్డాక వెళ్లాను. "తప్పు నాది" అన్నాను. "అయ్యో, అదేం మాట బాబూ" అని అతనే నన్ను ఓదార్చాడు. పాతికమందిలో తిట్టి, ఒక్కడి దగ్గర ఒప్పుకున్నాను. అతను పోయి ఆరేళ్లవుతోంది. ఇప్పుడు నీ కాలువ మీద లస్కరుగా ఉన్నది అతని కొడుకే.

గెలిస్తే మొదటి మీటింగ్ పంచాయతీ ఆఫీసులో వద్దు, ఆ రావిచెట్టు కింద పెట్టు. నేను ముందు రోజే బస్సెక్కి వస్తాను. ఆ అబ్బాయిని తప్పకుండా పిలువు. నీ మాటలు మొదలుపెట్టే ముందు నాకు రెండు నిమిషాలు ఇవ్వు.

ఇట్లు,
నీ పెదనాన్న