నగరాల మీద మైనర్: మా అమ్మాయి దారి తప్పుతోందా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఏ ఆనర్స్ ఆర్థికశాస్త్రం చదువుతోంది. రెండో సంవత్సరంలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే మైనర్ సబ్జెక్టు ఎంచుకోవాలి. మేము డేటా సైన్స్ తీసుకోమన్నాం. తను అర్బన్ స్టడీస్ అంటోంది. నగరాల గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? ప్యాకేజీ ఎంత ఉంటుంది? డేటా సైన్స్ ప్యాకేజీతో పోల్చి చెప్పగలరు. ఫారం నింపడానికి పది రోజులే గడువుంది. – ఒక తండ్రి

జవాబు: ఇటువంటి ఉత్తరం ఏటా నా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది, మారేది సబ్జెక్టు పేరు ఒక్కటే. ఒకప్పుడు సైకాలజీ, ఆ తర్వాత పర్యావరణం, ఇప్పుడు నగరాలు. మీరడిగిన పోలిక తప్పక చెబుతాను గానీ, మీ భయం అసలు ప్యాకేజీ గురించి కాదని నా అనుభవం చెబుతోంది. రేపు ఏదో పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న బంధువు ‘అమ్మాయి ఏం చదువుతోంది?’ అని అడిగితే, ఇంజినీరింగ్ అనో సీఏ అనో ఒక్క మాటలో తేల్చేసే వీలు మీకు లేదు. అర్బన్ స్టడీస్ అంటే ‘అంటే ఏమిటి?’ అని రెండో ప్రశ్న వస్తుంది, దానికి మీ దగ్గర జవాబు లేదు. ఆ ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోను. ఆ జవాబును మీ చేతికివ్వడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన విధివిధానాల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు. అందులో మైనర్ వాటా 32. అంటే అయిదో వంతు. మీ అమ్మాయి పట్టా మీద ఉండేది ఆర్థికశాస్త్రమే, ఎమ్మేకు వెళ్లినా పోటీ పరీక్షలు రాసినా ఆమెను నిలబెట్టేదీ అదే. మైనరు అంటే మన వాడుకలో తాత ఆస్తి కరిగించే జల్సారాయుడు గుర్తుకొస్తాడు గనుక తల్లిదండ్రులు ఆ మాటకే ఉలిక్కిపడతారేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం. ఈ మైనరు ఆస్తిని కరిగించడు. అయిదో వంతు చదువు వల్ల ఏ పిల్లా దారి తప్పదు.

ఇక అందులో ఏం చదువుతారో చెప్పడానికి మీ ఊరే చాలు. 2024 సెప్టెంబరు మొదటి రోజున మున్నేరు పొంగి ఖమ్మంలోని లోతట్టు కాలనీలు మునిగాయి. మీరు కళ్లారా చూసే ఉంటారు. ఎందుకు మునిగాయని అడిగితే ఒక్క శాస్త్రంతోనే జవాబు దొరకదు. ఎంత వాన పడింది, నీరు ఎటు పారింది అన్నది భూగోళశాస్త్రం చెబుతుంది. ఏటి ఒడ్డున ఇళ్ల స్థలాలు ఎందుకు చవక, ఆ చవక స్థలాలను ఎవరు కొన్నారు అన్నది ఆర్థికశాస్త్రం. ఆ కాలనీలకు అనుమతులు ఎవరిచ్చారు, ఇవ్వకుండానే వెలిశాయా అన్నది చట్టం, పురపాలన. నీరొస్తోందన్న కబురు రాత్రిపూట ఏ ఇంటికి చేరింది, ఏ ఇంటికి చేరలేదు అన్నది సమాజశాస్త్రం. ఈ నాలుగింటినీ ఒకే మ్యాపు మీద పెట్టి చూడటం నేర్పేదే ఈ మైనర్. ఇది కొత్త ఆలోచన కూడా కాదు: వంద ఏళ్ల కిందట మన దేశంలో ఇందోర్ వంటి నగరాలకు ప్రణాళికలు రాసిన పాట్రిక్ గెడెస్ జీవశాస్త్రం నుంచి వచ్చినవాడు, ఆ తర్వాత బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించాడు.

ఆర్థికశాస్త్రం మేజర్‌గా ఉన్న పిల్లకు దీని విలువ ఇంకాస్త ఎక్కువ. హైదరాబాద్ కథే తీసుకోండి. 1908లో మూసీ వరద వచ్చింది, దాని తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఆ జలాశయాలను కాపాడటానికి 1996లో 111 జీవో ద్వారా చుట్టూ ఉన్న 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ గీతకు ఇవతల ఎకరం ధర ఒకటి, అవతల ఇంకొకటి. నగరం తాగే నీటి కోసం పొలం విలువ పెరగకుండా ఆగిపోయిన రైతుకు ఎవరు ఏమి బాకీ పడ్డారన్న ప్రశ్న ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకంలో బాహ్య ప్రభావాలు, అంటే ఒకరి పని వల్ల మరొకరికి కలిగే లాభనష్టాలు, అనే అధ్యాయంలో రెండు పేజీల్లో ముగుస్తుంది. ఆ గ్రామాల్లో ఒక నెల తిరిగి వచ్చిన విద్యార్థికి అది ముగియదు.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి, మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి. ఈ మైనర్ చేసినంత మాత్రాన ఆమె టౌన్ ప్లానర్ కాదు. దానికి బీ.ప్లాన్ అనే నాలుగేళ్ల డిగ్రీ వేరే ఉంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి సంస్థలు ఉన్నది అందుకే. దాని పీజీ అయిన ఎం.ప్లాన్‌లోకి ఆర్థికశాస్త్రం, భూగోళశాస్త్రం, సమాజశాస్త్రం వారిని తీసుకునే సంస్థలు ఉన్నాయి గానీ చాలాచోట్ల ఆ సబ్జెక్టులో పీజీ అడుగుతారు, నియమాలు కూడా ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటాయి. 2021లో నీతి ఆయోగ్ నివేదిక ఒకటి వచ్చింది: రాష్ట్రాల ప్రణాళికా శాఖలకు 12 వేలకు పైగా ప్లానర్లు అవసరం కాగా మంజూరైన పోస్టులు 3,945, వాటిలో 42 శాతం ఖాళీ. ఈ అంకెలు చూపించి ‘ఇన్ని ఖాళీలుంటే మంచిదే కదా’ అనే తల్లిదండ్రులు నాకు తారసపడుతుంటారు. ఖాళీ వేరు, నోటిఫికేషన్ వేరు. ఏళ్ల తరబడి భర్తీ చేయని కుర్చీని చూసుకుని చదువు ఎంచుకోకూడదు. ఈ మైనర్‌తో అందే పనులు వేరు: పురపాలక సంఘాలకు సలహాలిచ్చే కన్సల్టెన్సీలు, పరిశోధనా సంస్థలు, రవాణా, గృహవసతి మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, స్థిరాస్తి మార్కెట్‌ను అధ్యయనం చేసే కంపెనీలు, పత్రికలు. వీటిలో మొదటి జీతం మీ బంధువులకు గొప్పగా చెప్పుకునేంత ఉండదు.

ఇప్పుడు డేటా సైన్స్. దీని మీద నాకున్న సందేహాలను కొంత వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు వినగానే తల్లిదండ్రులు ఇక ఏ ప్రశ్నా వేయరు. ఆర్ట్స్ విద్యార్థుల కోసం పెట్టిన డేటా సైన్స్ మైనర్లలో నేను చూసినవి చాలావరకు పైథాన్ అనే కోడింగ్ భాష పరిచయం, గణాంకాల పరిచయం, మెషీన్ లెర్నింగ్ పరిచయం, చివర ఒక ప్రాజెక్టు. మూడు పరిచయాలు కలిస్తే ఒక నైపుణ్యం కాదు. ఆ ప్రాజెక్టు కూడా తరచు ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే టైటానిక్ ప్రయాణికుల పట్టికే. ఎవరు బతికి ఉంటారో, ఎవరు మునిగి ఉంటారో అంచనా కట్టిన ఆ లెక్కను ఎన్ని రెజ్యూమెలలో చూశానో నాకే గుర్తు లేదు. పైగా ఆ ఉద్యోగాల వరుసలో మీ అమ్మాయి ముందు నిలబడేది నాలుగేళ్లూ అదే చదివిన బీటెక్ విద్యార్థులు. ఆర్థికశాస్త్రం ఆనర్స్‌లో గణాంకశాస్త్రం, దాన్ని ఆర్థిక లెక్కలకు వాడే ఎకనామెట్రిక్స్ ఎలాగూ ఉంటాయి. ఉన్నదాన్నే ఇంకో పేరుతో మళ్లీ కొనుక్కోవడం ఎందుకు?

అంకెలు అక్కర్లేదని నేను అనడం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. కండక్టరు కొట్టి ఇచ్చే ప్రతి జీరో టికెట్టూ ఒక లెక్కే. ఆ టికెట్లను కూడి, గంటల వారీగా గీతలు గీసి చూపడం ఆరు నెలల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ బస్సు కిక్కిరిసి ఉందని ఆపకుండా వెళ్లిపోతే, స్టాపులో టిఫిన్ బాక్సు పట్టుకుని నిలబడిపోయిన ఆవిడ ఏ టికెట్ లెక్కలోకీ రాదు. ఆమెను లెక్కలోకి తేవాలంటే ముందు ఆ స్టాపులో నిలబడాలన్న ఆలోచన రావాలి. నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థిని సరిగ్గా అదే చేసింది. వారం రోజులు ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకే స్టాపులో కూర్చుని, ఆగని బస్సులకు ఒక గీత, ఎక్కలేకపోయిన వారికి ఒక గీత చొప్పున నోటుబుక్కులో గీసుకుంది. ఇంటర్వ్యూలో అరగంట సేపు ఆ నోటుబుక్కు గురించే అడిగారట.

మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. మీ ఉత్తరంలో ప్యాకేజీ మాట రెండుసార్లు వచ్చింది. మీ అమ్మాయి ఈ సబ్జెక్టు ఎందుకు కావాలంటోందన్నది ఒక్కసారి కూడా రాలేదు. అడగలేదా, అడిగీ రాయలేదా? పంతొమ్మిదేళ్ల పిల్ల తన ఊరు మునగడం చూసి, నగరాల గురించి చదువుతానని అంటుంటే, దాన్ని మొండితనంగా లెక్కగట్టే ముందు ఒక పూట కూర్చుని వినడం తండ్రిగా మీ పని. ఆ పనిని నాకు ఉత్తరం రాసి అప్పగించడం కుదరదు. మేము తీసుకోమన్నాం అని రాశారు. ఆ ‘మేము’లో అమ్మాయి లేదని మీరు గమనించారో లేదో.

అలాగని అర్బన్ స్టడీస్ పేరు పెట్టిన ప్రతి కోర్సునూ నేను సమర్థించను. స్మార్ట్ సిటీల పథకం 2015లో మొదలయ్యాక నగరం అనే మాటకు గిరాకీ పెరిగి, కొన్నిచోట్ల పాత పేపర్లు మూడింటికి కొత్త అట్టలు వేసి మైనర్ అన్నారు. ఆ పథకం గడువు 2025 మార్చిలో ముగిసింది, అట్టలు మాత్రం మిగిలాయి. కాబట్టి ఈ పది రోజుల్లో మీ అమ్మాయి చేత మైనర్ సిలబస్ తెప్పించి చూడండి. మ్యాపుల మీద పనిచేసే జీఐఎస్ పేపరు ఉందా, క్రెడిట్లు ఇచ్చే క్షేత్రస్థాయి పని ఉందా, ఆర్థికశాస్త్రం కాక కనీసం మరో రెండు విభాగాల అధ్యాపకులు పాఠాలు చెబుతున్నారా అన్నది చూస్తే చాలు. ఈ మూడూ ఉంటే నిశ్చింతగా ఫారం నింపమనండి, కోడింగ్ కొంత వేసవి సెలవుల్లో విడిగా నేర్చుకోవచ్చు. వీటిలో రెండు లేకపోతే నా ఓటు కూడా మీ డేటా సైన్స్‌కే. ఆ మాట ఆమెకు నేను చెప్పానని చెప్పండి, మీ మీద కోపం రాదు.