స్టూడియోకీ స్టేజికీ ఒకే చిన్న అనలాగ్ బేస్ సింథ్ కావాలంటే ఏది?

విశాఖపట్నంలో ఒక ఆర్కెస్ట్రాలో రెండో కీబోర్డు వాయిస్తారనీ, ఇంట్లో ఒక గదిలో చిన్న రికార్డింగు ఏర్పాటు ఉందనీ, రెండు చోట్లా పనికివచ్చే చిన్న అనలాగ్ బేస్ సింథ్ (విద్యుత్ సర్క్యూట్లతో కింది స్వరాలు పుట్టించే వాయిద్యం) ఒక్కటే కొనే వీలుందనీ రాశారు. మీ జాబితాలో మూగ్ మినిటార్, నోవేషన్ బేస్ స్టేషన్ 2, కోర్గ్ వోల్కా బేస్, బెరింగర్ టీడీ-3 ఉన్నాయి. నేనూ విశాఖపట్నంలోనే పెళ్లి రిసెప్షన్లకు, నవరాత్రి పందిళ్లకు, అప్పుడప్పుడు బీచ్ రోడ్డు కార్యక్రమాలకు కీబోర్డు వాయిస్తాను. మొదటి రెండు సింథ్‌లు నా దగ్గర ఉన్నాయి, మిగతా రెండింటినీ మిత్రుల దగ్గర తీరిగ్గా వాయించి చూశాను. మినిటార్ ధ్వని అంటే నాకు ఎక్కువ ఇష్టమైనప్పటికీ, మీ అవసరానికి బేస్ స్టేషన్ 2 కొనుక్కోమనే చెబుతాను.

సింథ్ గురించి ఎవరిని అడిగినా ముందు ధ్వని గురించే మాట్లాడతారు. స్టేజి విషయానికి వస్తే మొదట చూడవలసింది అది కాదు, ప్యాచ్ మెమరీ, అంటే నాబ్‌ల అమరికలను ఒక్కో ధ్వనిగా దాచుకునే సదుపాయం. సినిమా పాటల ఆర్కెస్ట్రాలో ఒక పాట అయ్యాక యాంకర్ రెండు మాటలు మాట్లాడి తరువాతి పాట పేరు చెప్పేలోపు మీ బేస్ సిద్ధంగా ఉండాలి. 80ల నాటి పాటకు గుండ్రంగా, చిన్నగా తెగే బేస్ కావాలి, దాని వెనుకే వచ్చే మాస్ పాటకు కరుకుగా, సాగుతూ పలికే బేస్ కావాలి. ఈ రెంటి మధ్య ఫిల్టర్ కటాఫ్ (ఎంత ఎత్తు వరకు స్వరాలను పోనివ్వాలో), రెజొనెన్స్ (ఆ హద్దు దగ్గరి స్వరాలను ఎంత పెంచాలో), ఎన్వలప్ డికే (ధ్వని ఎంత వేగంగా తగ్గాలో), ఆసిలేటర్ల (స్వరం పుట్టించే భాగాల) స్థాయి, గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) అన్నీ మారతాయి. స్టేజి లైట్లు రంగులు మారుస్తూ కళ్లలో కొడుతుండగా ఇన్ని నాబ్‌లను చేత్తో తిప్పి సరిచేయడం జరిగే పని కాదు. బేస్ స్టేషన్ 2లో 128 ప్యాచ్‌లు ఉంటాయి. వాటిని మీ పాటల వరుస ప్రకారం పేర్చుకుంటే ఒక బటన్ నొక్కడంతో తరువాతి ప్యాచ్ వస్తుంది, దాని సంఖ్య చిన్న తెర మీద వెలుగుతుంది. మినిటార్‌లోనూ ప్యాచ్‌లు దాచుకోవచ్చు గానీ దానికి తెర లేదు. కంప్యూటర్‌లోని ఎడిటర్ నుంచో, మరో కీబోర్డు మిడి (వాయిద్యాల మధ్య ఆదేశాలు పంపే పద్ధతి) ద్వారా పంపే ప్రోగ్రామ్ ఛేంజ్, అంటే ప్యాచ్ మార్చే ఆదేశంతోనో పిలవవలసి వస్తుంది. అది స్టూడియోలో ఇబ్బంది కాదు. పందిట్లో మాత్రం ఏ ప్యాచ్ మీద ఉన్నామో వాయించి తెలుసుకోవడం తప్ప దారి లేదు, ఆ సమయంలో స్పీకర్లు ఆన్‌లోనే ఉంటాయి.

రెండో కారణం కీలు. బేస్ స్టేషన్ 2లో మామూలు పరిమాణంలో 25 కీలు ఉన్నాయి, ఆఫ్టర్‌టచ్ (నొక్కిన కీని ఇంకా అదిమితే ధ్వని మారడం) కూడా ఉంది. మినిటార్ కేవలం పెట్టె. దానికి మీ రెండో కీబోర్డు నుంచి మిడి ఇవ్వాలి, అంటే ఆ కీబోర్డును స్ప్లిట్ చేసి ఎడమచేతి భాగాన్ని దీనికి కేటాయించాలి. మీ స్టాండులో మరో కీబోర్డుకు చోటు లేకపోతే ఇదే మంచి పద్ధతి కావచ్చు, ఆ ఒక్క సందర్భంలో మాత్రం నా సలహా మార్చుకోండి.

ఇక ధ్వని. మినిటార్ 2012లో వచ్చింది, 70ల నాటి మూగ్ టారస్ అనే కాలితో వాయించే బేస్ పెడళ్ల ధ్వని దీనికి మూలం. రెండు ఆసిలేటర్లు, ఒక లాడర్ ఫిల్టర్, అంతే. పై స్వరాలు వాయించడానికి చేసిన వాయిద్యం కాదు, ఒక ఎత్తు దాటితే పలకనే పలకదు. కింది స్థాయిలో మాత్రం దాని నిండుదనం వేరు, రికార్డింగులో ఈక్వలైజర్ ముట్టుకోవలసిన అవసరం దాదాపు రాదు. బేస్ స్టేషన్ 2 మరుసటి ఏడాది, 2013లో వచ్చింది. రెండు ఆసిలేటర్లకు తోడు ఒకటి లేదా రెండు ఆక్టేవులు (సంగీత స్థాయిలు) కింద పలికే సబ్ ఆసిలేటర్, క్లాసిక్, యాసిడ్ అని రెండు రకాల ఫిల్టర్లు, ధ్వనిని కరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ అన్నీ ఉన్నాయి. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు వింటే కొంచెం పలచగా, కరుకుగా అనిపిస్తుంది. వాటిని బట్టి తీర్పు చెప్పకండి. అన్నీ చెరిపేసి ఒక్క ఆసిలేటర్‌తో, సబ్‌తో మొదలుపెట్టి మీ ప్యాచ్ మీరే కట్టుకుంటే ఇదే వాయిద్యం బరువుగా పలుకుతుంది.

ఆ ప్యాచ్ కట్టేటప్పుడు రెండు సంగతులు గమనించాలి, ఏ సింథ్ కొన్నా ఇవి మారవు. మొదటిది డీట్యూన్. రెండు ఆసిలేటర్లను ఒకే ఆక్టేవులో పెట్టి కొద్దిగా తేడాతో శ్రుతి చేస్తే గదిలో ఎంతో విశాలంగా వినిపిస్తుంది. కింది స్వరాల దగ్గర అదే ముప్పు తెస్తుంది. 55 హెర్ట్జ్ స్వరం మీద 10 సెంట్ల (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) తేడా పెడితే రెండు తరంగాలూ దాదాపు 3 సెకన్లకు ఒకసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. శ్రుతి సరిగా కలవని తంబురా తీగలు పెరుగుతూ తరుగుతూ మోగినట్లే ఉంటుంది గానీ, ఇక్కడ తరిగేది పాటకు ఆధారమైన బేస్. పాటలో ఏ చరణం దగ్గర బేస్ మాయమవుతుందో ముందుగా చెప్పలేము, సౌండ్ ఇంజినీరు మాత్రం మీ వాల్యూమ్ తగ్గిందనుకుని ఫేడర్ పైకి తోస్తారు. అందుకని డీట్యూన్ కావాలంటే పై ఆక్టేవులో పెట్టండి. బేస్ స్టేషన్‌లో సబ్ ఆసిలేటర్ మొదటి ఆసిలేటర్‌కు కట్టుబడి ఉంటుంది కనుక అడుగు స్వరాన్ని దానికి అప్పగించి, పైన ఉన్న రెండింటినీ మీ ఇష్టం వచ్చినంత విడదీసుకోవచ్చు. మినిటార్‌లో సబ్ లేదు కాబట్టి రెండో ఆసిలేటర్‌ను ఒక ఆక్టేవు పైకి జరిపి వాడుకోవాలి.

రెండో సంగతి రెజొనెన్స్. రాబర్ట్ మూగ్ 60లలో రూపొందించిన లాడర్ ఫిల్టర్‌లో బయటికి వచ్చిన సిగ్నల్‌లో కొంత భాగాన్ని తలకిందులు చేసి మళ్లీ లోపలికి పంపుతారు, రెజొనెన్స్ పుట్టేది అలాగే. కటాఫ్ దగ్గరి స్వరాలు దీనితో పెరుగుతాయి, కింది స్వరాలు మాత్రం తగ్గుతాయి. రెజొనెన్స్ పెంచుతూ పోయి ఫిల్టర్ తనంతట తాను కూసే స్థితికి వచ్చేసరికి, లెక్క ప్రకారం కింది స్థాయి 14 డెసిబెళ్ల వరకు పడిపోతుంది. హెడ్‌ఫోన్లలో ఆ కూత వింటూ మురిసిపోతాము గానీ అదే ప్యాచ్ పందిట్లో వాయిస్తే కింద ఏమీ మిగలదు. మినిటార్ మీద నేను రెజొనెన్స్ నాబ్‌ను సగం దాటనివ్వను. కరుకుదనం కావాలనుకుంటే బేస్ స్టేషన్‌లో ఓవర్‌డ్రైవ్ నాబ్ కొంచెం తిప్పితే సరిపోతుంది.

ఆ కొంచెం ఓవర్‌డ్రైవ్ వల్ల ఇంకో మేలు ఉంది. బేస్ గిటారులో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫంక్షన్ హాళ్లకు అద్దెకు తెచ్చే సెట్లలో చాలాసార్లు సబ్‌వూఫర్ ఉండదు, రెండు స్టాండు బాక్సులే ఉంటాయి. అంత కింది స్వరం వాటిలోంచి బయటికి రాదు. హార్మోనిక్స్, అంటే ఆ స్వరానికి రెట్టింపు, మూడు రెట్లు ఉండే 82, 123 హెర్ట్జ్ వంటివి గట్టిగా ఉంటే చెవి అసలు స్వరాన్ని దానంతట అదే ఊహించుకుంటుంది. సైన్ తరంగంలా నున్నగా ఉండే సబ్ బేస్ ప్యాచ్ బీచ్ రోడ్డు పెద్ద సెట్‌లో గుండెను తాకుతుంది, హాలులో అసలు వినబడదు. నేను ఒక్కో పాటకు రెండేసి ప్యాచ్‌లు ఉంచుకుంటాను, ఒకటి సబ్‌వూఫర్ ఉన్న చోటికి, ఒకటి లేని చోటికి. 128 ప్యాచ్‌లు ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఇది. అన్ని ప్యాచ్‌ల వాల్యూమ్‌నూ ఇంటి దగ్గరే మిక్సర్ మీటరు చూసి సమం చేసుకోండి, ఈ విషయంలో చెవిని నమ్మడానికి లేదు.

వోల్కా బేస్, టీడీ-3ల గురించి క్లుప్తంగా చెబుతాను. వోల్కాలో మూడు ఆసిలేటర్లు ఉన్నాయి, బ్యాటరీల మీద నడుస్తుంది, ఇంట్లో సోఫాలో కూర్చుని ఆడుకోవడానికి ఎంతో బాగుంటుంది. కానీ దాని అవుట్‌పుట్ హెడ్‌ఫోన్లకు వాడే చిన్న 3.5 మిల్లీమీటర్ల జాక్, ఎవరి కాలు తగిలినా ఊడివస్తుంది. సీక్వెన్స్‌లను (స్వరాల వరుసలను) దాచుకుంటుంది గానీ నాబ్‌ల స్థానాలను దాచుకోదు. టీడీ-3 అనేది రోలాండ్ టీబీ-303కి నకలు. ఆ 303ని రోలాండ్ 1981లో బేస్ వాయించేవారు దొరకని గిటారిస్టుల కోసం తెచ్చింది, అమ్ముడుపోక 1984లో ఆపేసింది, ఆ తరువాతే షికాగో కుర్రాళ్లు దానితో యాసిడ్ హౌస్ అనే ఒక కొత్త డ్యాన్స్ సంగీతాన్ని పుట్టించారు. బొంబాయి సినీ వాద్యకారులు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే దాని మీద రాగాలు వాయించి రికార్డు చేశారని గుర్తు చేసుకుంటే మనకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఒకే ఆసిలేటర్, జారుడు, కొన్ని స్వరాలను నొక్కి పలికే యాక్సెంట్‌లతో అది చేసే ఒక్క పనిని మరేదీ అంత బాగా చేయలేదు. మీ ఆర్కెస్ట్రాకు ఆ ఒక్క పనితో గడవదు. యాసిడ్ ధ్వని ఎప్పుడైనా కావలసివస్తే బేస్ స్టేషన్‌లోని యాసిడ్ ఫిల్టర్ దగ్గరగానే తీసుకువెళుతుంది.

మీరు అడగకపోయినా ఒక పేరు చేర్చాలి, కోర్గ్ మోనోలాగ్. 100 ప్యాచ్‌ల మెమరీ, బ్యాటరీ సదుపాయం, మైక్రోట్యూనింగ్ ఉన్నాయి. కర్ణాటక రాగాల స్వరస్థానాలకు తగినట్లు శ్రుతి మార్చుకోవాలనే కోరిక ఉంటే ఆసక్తికరమైన వాయిద్యమే. కీలు సన్నగా ఉంటాయి, నా వేళ్లకు కుదరలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతులు. అనలాగ్ ఆసిలేటర్ల శ్రుతి వేడిని బట్టి కదులుతుంది. ఏసీ కారులోంచి దించిన వాయిద్యాన్ని ఆర్కే బీచ్ ఉక్కలో వెంటనే ఆన్ చేస్తే లోపల చెమ్మ పట్టే ప్రమాదమూ ఉంది, శ్రుతి జారే ప్రమాదమూ ఉంది. పెట్టె మూత తీయకుండానే కాసేపు అక్కడి వేడికి అలవాటు పడనిచ్చి, తరువాత బయటికి తీసి ఆన్ చేసి, సౌండ్ చెక్ నాటికి వేడెక్కనివ్వాలి. బేస్ స్టేషన్ 2 ఆసిలేటర్లు అనలాగే అయినా వాటి శ్రుతిని డిజిటల్ పద్ధతిలో అదుపు చేస్తారు, అందువల్ల ఈ బెడద దానికి చాలా తక్కువ. పక్కన పాడేవారు, వేణువు వాయించేవారు ఉన్నప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి జాక్‌లు, నాబ్‌లు తొందరగా పాడవుతాయి. సిలికా జెల్ సంచులు వేసిన కేసులో పెట్టండి, వాడనప్పుడు కూడా నెలకోసారి నాబ్‌లన్నీ అటూ ఇటూ తిప్పుతూ ఉండండి.

కరెంటు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మన మెయిన్స్ 50 హెర్ట్జ్. కింది జి స్వరం 49 హెర్ట్జ్. అంటే లైన్‌లో హమ్ (కరెంటు గుంయ్‌మనే శబ్దం) ఉందంటే అది సరిగ్గా మీరు వాయించే చోటే కూర్చుంటుంది, ఈక్వలైజర్‌తో కోస్తే మీ స్వరమూ పోతుంది. ఈ సింథ్‌ల అవుట్‌పుట్ అన్‌బ్యాలెన్స్‌డ్ (బయటి శబ్దాలను తేలిగ్గా పట్టుకునే రకం) కాబట్టి పొడుగాటి కేబుల్‌తో నేరుగా మిక్సర్‌కు పంపకండి. సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే డీఐ బాక్స్ మీ సొంతది ఒకటి వెంట తీసుకువెళ్లండి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదీ గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్ కలయికను తెంచే) స్విచ్ ఉన్నదీ అయితే మంచిది. బేస్ స్టేషన్ యూఎస్‌బీ కరెంటుతోనూ నడుస్తుంది గానీ స్టేజి మీద లాప్‌టాప్ నుంచి ఆ కరెంటు తీసుకుంటే దాని చార్జర్ సన్నటి కీచు శబ్దం స్పీకర్లలోకి వస్తుంది. అడాప్టర్ వాడండి, లాప్‌టాప్ నుంచి మిడి కావాలంటే ఒక మిడి ఇంటర్‌ఫేస్ పెట్టుకుని పాత 5 పిన్నుల కేబుల్ వాడండి. ఆ కేబుల్ అందుకునే వైపు సిగ్నల్‌ను కాంతి ద్వారా దాటించే ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది కనుక రెండు పరికరాల గ్రౌండ్‌లు కలవవు.

కొనే చోటు గురించి కూడా అడిగారు. ఇక్కడి దుకాణాల్లో ఇవి వాయించి చూసే వీలు నాకు ఎప్పుడూ దొరకలేదు, ముంబై నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకోవడమే. విదేశీ సైట్‌లో ధర తక్కువ కనిపిస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ కలిపి లెక్క వేసుకోండి, వారంటీ ఇక్కడ వర్తిస్తుందో లేదో అడగండి. పాతది కొనదలచుకుంటే ఫోటోలు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. హెడ్‌ఫోన్లు పట్టుకుని వెళ్లి ఒక స్వరాన్ని నొక్కి పట్టుకుని ప్రతి నాబ్‌నూ మెల్లగా తిప్పండి, గరగరమంటే శుభ్రం చేయించాలని అర్థం. 25 కీలూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. ఒక ప్యాచ్ సేవ్ చేసి, కరెంటు తీసేసి, మళ్లీ ఆన్ చేసి అది నిలిచి ఉందో లేదో చూడండి. అడాప్టర్ కంపెనీతో వచ్చినదేనా, కాకపోతే దాని వోల్టేజి, పిన్ను పోలారిటీ వాయిద్యం వెనుక ముద్రించినదానితో సరిపోతున్నాయా అన్నది ఆన్ చేయకముందే చూసుకోండి.