ప్రొఫెసర్ కావాలనుకునే అమ్మాయికి ప్లేస్‌మెంట్లు అడ్డు కావు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ప్రొఫెసర్‌నవుతాను, ఎప్పటికైనా పెద్ద సంస్థకు డైరెక్టర్‌నవుతాను, ప్లేస్‌మెంట్లకు కూర్చోను అంటోంది. చేతికందే ఉద్యోగం వదిలేస్తుందని మాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: అమ్మాయి కోరిక మంచిదండీ, దాన్ని చంపకండి. అయితే ఉద్యోగమా, ప్రొఫెసరా అని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారినే చూడండి. చెన్నై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. ఆస్ట్రేలియాలో ఐబీఎంలో ఉద్యోగం చేశాకే స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేయడం మీద ఏళ్లతరబడి పనిచేశారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు 1979లో తొలి డైరెక్టరయ్యారు. అక్కడే కంప్యూటర్ సైన్స్ స్కూల్ డీన్ పదవి 1991లో, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో వచ్చాయి. పదవులన్నీ పని వెనకాలే వచ్చాయి. అందుకే డైరెక్టర్ కుర్చీ సంగతి ఇప్పుడు పక్కన పెట్టమనండి.

మామూలు ఇంజినీరింగ్ కాలేజీలో చేరడానికి ఎంటెక్ చాలు. ఐఐటీల్లాంటి చోట పీహెచ్‌డీ లేనిదే గుమ్మం దాటనివ్వరు, ఆపైన మంచి పరిశోధన పత్రాలు (పేపర్లు) కూడా కావాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టొచ్చు. ఐఐటీల్లాంటి కేంద్ర సంస్థల్లో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ విద్యార్థులకు మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, తర్వాత రూ. 42,000 ఫెలోషిప్ ఇస్తారు. ఇంటికి భారం కాదు. కానీ అదే సమయంలో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులు ఫ్లాట్లు కొంటుంటారు. అది తట్టుకోగలదా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

అసలు పరీక్ష ఇంకోటుంది. ఒక పరిశోధన పేపర్ తీసుకుని, అందులో చెప్పిన ప్రోగ్రామ్ తనే రాసి నడపమనండి. పేపర్ రాసినవాళ్లకొచ్చిన ఫలితాలు తనకు రావు, చాలాసార్లు అంతే. ఎందుకు రాలేదో తేలేదాకా వారం రోజులు దానితో కుస్తీ పట్టి, ఇంకా ఉత్సాహంగానే ఉంటే ఈ దారి ఆమెదే. విసుగొస్తే అదీ ఇప్పుడే తెలియడం మేలు.

వచ్చే వేసవికి పరిశోధన ఇంటర్న్‌షిప్ ప్రయత్నించమనండి. ఒకే మెయిల్ యాభై మంది ప్రొఫెసర్లకు పంపితే ఎవరూ చదవరు. నలుగురైదుగురిని ఎంచుకుని, వాళ్ల పేపర్ చదివి, అందులో తనకొచ్చిన సందేహాన్ని రెండు వాక్యాల్లో రాయాలి. ప్లేస్‌మెంట్లకూ కూర్చోనివ్వండి, ఎంటెక్, పీహెచ్‌డీ ప్రవేశాలకు పనికొచ్చే గేట్ పరీక్ష కూడా రాయనివ్వండి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఉద్యోగంలో చేరినా ఈలోపు పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు.