నోట్లో రక్తగడ్డా, కణితా?

సందేహం: మా బావగారికి చిగుళ్లు మీద వాపు వస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. లింఫోమా అని తేలింది. రక్తకణాల జబ్బే, నోట్లో రావడం అరుదు అన్నారు డాక్టరు. బంధువులకు మెసేజ్ పెడుతూ ‘నోట్లో రక్తగడ్డ’ అని రాశాను. మా అన్నయ్యేమో ‘రక్తార్బుదం’ అనాలంటాడు. ఏది సరి?

సమాధానం: మీ మెసేజ్ చదివి, ‘గడ్డ కరగడానికి మందులున్నాయిగా, టెన్షన్ పడకండి’ అని ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారు. తప్పు వాళ్లది కాదు. మెదడులో రక్తగడ్డ, కాలి సిరలో రక్తగడ్డ అని వినీ వినీ, ఆ మాటకు గడ్డకట్టిన నెత్తురనే అర్థం స్థిరపడిపోయింది. అసలు గడ్డ మాటే అలాంటిది. సెగగడ్డలో వాపు, ఉల్లిగడ్డలో దుంప, ఈదుకుంటూ గడ్డకు చేరితే ఒడ్డు. ముందు ఏ మాట చేరితే అర్థం అటు వాలుతుంది. రక్తం చేరిందా, మట్టిముద్దకు మట్టిలాగా ఈ గడ్డకు నెత్తురే సరుకైపోతుంది.

లింఫోమాలో పోగుపడేది నెత్తురు కాదు. లింఫోసైట్లనే తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఎక్కువగా మెడలోనో చంకలోనో ఉండే లింఫు గ్రంథుల్లో కనిపించే ఈ జబ్బు, ఎప్పుడో గాని అంగిట్లోనో చిగురు మీదో దవడలోనో బయటపడదు. పేరు దగ్గర వైద్యులూ తడబడ్డారు. ఉగాండా పిల్లల దవడల్లో చూసిన కణితులను 1958లో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ సార్కోమా (ఎముక, కండ లాంటి వాటిలో పుట్టే కేన్సర్) అనే రాశాడు. అవి లింఫోసైట్లవని తర్వాత తేలింది. ఇప్పుడు వాటిని బర్కిట్ లింఫోమా అంటున్నాం.

మీ అన్నయ్యగారి మాట పాతదే. ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు చెప్పిన ఆరు అర్బుదాల్లో, అంటే కణితుల్లో, రక్తార్బుదం ఒకటి. కాకపోతే ఆయన లెక్కలో అది వాతపిత్తకఫ దోషాలు రక్తాన్ని చెరిపితే వచ్చేది, ఆగకుండా నెత్తురు కారేది, పైగా అసాధ్యం, అంటే నయం కానిది. మైక్రోస్కోపులో కణాన్ని చూసి పెట్టిన పేరుకు దీన్ని తగిలించడం నాకు నచ్చదు. లింఫోమాల్లో చాలావాటికి ఇవాళ వైద్యం ఉంది. సంస్కృతం తెలిసిన చుట్టమెవరైనా ఆ మాట చూస్తే ఊరికే హడలిపోతాడు.

నా ఓటు కణితికే. ‘చిగురు మీద కణితి, లింఫోమా అన్నారు’ అని రాయండి. వివరం కావాలంటే ‘రక్తకణాల కణితి’ అనండి. ‘రక్తకణ కణితి’ మాత్రం వద్దు, నాలుక తిరగదు.

అన్నట్టు, మీరు ‘చిగుళ్లు మీద’ అని రాశారు. ‘చిగుళ్ల మీద’ అనాలి. చెట్ల మీద, ఇళ్ల మీద అంటాం కదా, ఇదీ అంతే.