కినబటాంగన్ నది మీద వన్యప్రాణులను చూడటానికి ఒక రాత్రి బస సరిపోతుందా?

బోర్నియో ద్వీపంలో మలేసియాకు చెందిన సబా రాష్ట్రానికి వెళ్తున్నామని, కినబటాంగన్ నది మీద పడవలో తిరిగితే అడవి జంతువులు నిజంగా కనిపిస్తాయా, అందుకు ఒక రాత్రి బస సరిపోతుందా, అరవై దాటిన తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లవచ్చా అని మీరు అడిగారు. ఆ నది మీద తెల్లవారుజామున, సాయంత్రం, రాత్రి వేళ కూడా పడవలో తిరిగిన అనుభవంతో జవాబిస్తున్నాను. జంతువులు తప్పక కనిపిస్తాయి, అయితే మీరు కోరుకున్నవన్నీ కోరుకున్న పూట కనిపించవు. ఒక రాత్రి చాలదు, కనీసం రెండు రాత్రులు ఉండండి. నడక శ్రమ దాదాపు లేని ప్రయాణం కాబట్టి, పెద్దవారికి వర్షారణ్యాన్ని చూపించడానికి ఇంతకంటే అనువైన మార్గం నాకు తెలియదు.

వర్షారణ్యంలో కాలినడకన జంతువులను చూడటం చాలా కష్టం. చాలా ప్రాణుల జీవితం ఎత్తైన చెట్ల పైకొమ్మల్లోనే గడిచిపోతుంది కాబట్టి, కింద నిలబడిన మనకు ఆకుల చాటు నుంచి కదలిక, శబ్దం అందుతాయే తప్ప రూపం అందదు. ఇదే సబాలో 438 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో డానుమ్ లోయ అడవి ఉంది. అడవిగా చూస్తే కినబటాంగన్ తీరం దానికి సాటి రాదు, కానీ డానుమ్‌లో గంటల తరబడి నడిచినా గిబ్బన్లనే తోకలేని చిన్న వానరాల పాట వినడంతోనే తృప్తి పడవలసి రావచ్చు. నది మీద అయితే చెట్లు కొన నుంచి మొదలు దాకా ఎదురుగా నిలబడి కనిపిస్తాయి, ఒడ్డున ఉన్న కొమ్మ మీద ఏది కదిలినా కన్ను అక్కడికి వెళ్తుంది.

కినబటాంగన్‌లో జంతువులు ఇంత తేలికగా కనిపించడానికి మరో కారణం ఉంది, అది సంతోషించదగినది కాదు. 560 కిలోమీటర్లు ప్రవహించి సులు సముద్రంలో కలిసే ఈ నది మలేసియాలో రెండవ అతి పొడవైనది. దీని దిగువ భాగంలో ఇరువైపులా ఉన్న అడవిలో అధిక భాగం పామాయిల్ తోటలుగా మారిపోయింది. మిగిలిన అడవిలో సుమారు 26 వేల హెక్టార్లను 2005లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, కానీ అది ఒకే ఖండంగా లేదు. నది వెంట తెగిపోయిన ముక్కలుగా, కొన్నిచోట్ల సన్నటి పట్టీగా మిగిలింది. ఏనుగులు, ఒరంగుటాన్లనే ఎర్రజుట్టు పెద్ద వానరాలు, కోతులు ఆ పట్టీలోనే సర్దుకుని బతుకుతున్నాయి కాబట్టి పడవలో కూర్చున్న మనకు అంత దగ్గరగా దొరుకుతున్నాయి. సాండకన్ పట్టణం నుంచి సుకౌ గ్రామానికి రెండు గంటలకు పైగా సాగే రోడ్డు ప్రయాణంలో కిటికీలోంచి కనిపించేది ఎక్కువగా పామాయిల్ తోటలే. మీ తల్లిదండ్రులకు ఈ సంగతి ముందుగానే చెప్పి తీసుకువెళ్లండి. దారంతా దట్టమైన అడవి ఉంటుందని ఊహించి వచ్చినవారు చాలా నిరాశ పడటం నేను చూశాను.

రెండు రాత్రులు ఎందుకు అంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఈ నది మీద ఒక్కో వేళ ఒక్కో రకం ప్రాణులది. సాయంత్రం నాలుగు గంటల పడవ పొడవు ముక్కు కోతుల కోసం. ప్రోబోసిస్ కోతులని పిలిచే ఇవి బోర్నియోలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. పగలంతా లోపలి అడవిలో మేసి, పొద్దు వాలే వేళకు గుంపులుగా నీటి ఒడ్డున ఉన్న చెట్ల మీదికి చేరి, రాత్రి అక్కడే నిద్రపోతాయి. నీటివైపు వేటజంతువు రాదు కాబట్టి ఆ పక్క నుంచి మబ్బు చిరుత భయం ఉండదని పరిశోధకుల వివరణ. వీటి పొట్టలో ఆవులకు మల్లే ఆహారం పులిసి జీర్ణమవుతుంది, అందువల్ల తీపి పండ్లు వీటికి సరిపడవు. లేత ఆకులు, పచ్చికాయలు, గింజలు తింటాయి. ఒక పెద్ద మగకోతి, దానితో కొన్ని ఆడకోతులు, పిల్లలు కలిసి ఒక గుంపు. సుకౌ దగ్గర నదిలో కలిసే మెనంగుల్ అనే ఇరుకైన ఉపనదిలో ఒక సాయంత్రం మా పడవ ఇంజను ఆపి నిలిచినప్పుడు, అలాంటి గుంపు మొత్తం ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు మా తలల మీదుగా ఒకటొకటిగా దూకింది. చివర మిగిలిన పిల్లకోతి కొమ్మ చివరి దాకా వచ్చి వెనక్కి తగ్గుతూ చాలాసేపు తటపటాయించింది, తల్లి అవతలి ఒడ్డున కదలకుండా కూర్చుని ఎదురు చూసింది. పడవలో ఉన్న మాలో ఎవరూ మాట్లాడలేదు. అది దూకి అందుకున్నాకే గైడు మోటారు తిప్పాడు.

తెల్లవారుజామున ఆరు గంటల పడవ పక్షుల కోసం, అదృష్టం ఉంటే ఒరంగుటాన్ కోసం. సబాలో సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ ఆరు గంటల ప్రాంతంలోనే అవుతాయి కాబట్టి ఆ పడవ తప్పితే ఉదయం వెలుతురు తప్పినట్లే. నది మీద పొగమంచు కరుగుతుండగా హార్న్‌బిల్ పక్షులు జంటలుగా దాటిపోతాయి. రెక్కల చప్పుడు పక్షి కంటే ముందే వినిపిస్తుంది. బోర్నియోలో ఉన్న ఎనిమిది రకాల హార్న్‌బిల్‌లూ ఈ నది తీరంలో నమోదయ్యాయి. పండిన మర్రి జాతి చెట్టు ఒక్కటి కనిపిస్తే చాలు, దాని దగ్గర ఓపికగా ఆగండి. నేను అడవి ఒరంగుటాన్‌ను చూసింది అలాంటి చెట్టు మీదే. మొదట కొమ్మల మధ్య ఎర్రటి జుట్టు ముద్ద మాత్రమే కనిపించింది. అరగంట ఆగాక ఒక పొడవాటి చేయి చాచి పండ్లు కోసుకోవడం, ఆ తర్వాత ముఖం కనిపించాయి. ఒరంగుటాన్లు ఈదలేవు. పూర్వం ఉపనదుల మీదికి వంగిన మహావృక్షాల కొమ్మలు పట్టుకుని దాటేవి. ఆ చెట్లు పోయిన చోట్ల అగ్నిమాపక దళం వాడే పాత గొట్టాలతో అల్లిన తాళ్ల వంతెనలు కట్టారు. పడవలో వెళ్తూ వాటిని మీరు తలెత్తి చూడవచ్చు.

ఏనుగుల గురించి ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. బోర్నియో ఏనుగులు సుమారు వెయ్యి మాత్రమే మిగిలాయని అంచనా, 2024లో వీటిని అంతరించే ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాలో చేర్చారు. మందలు నది పొడవునా సంచరిస్తుంటాయి కాబట్టి ఈ వారం సుకౌ దగ్గర ఉన్నవి వచ్చే వారం చాలా దూరంలో ఉండవచ్చు. స్థానికంగా పడవ నడిపేవారు ఒకరికొకరు ఫోన్లలో సమాచారం ఇచ్చుకుంటారు, మీరు వెళ్లిన రోజున మంద దగ్గరలో ఉంటే వారే తీసుకువెళ్తారు. అక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కబురు అందగానే పది పదిహేను పడవలు ఒకేచోటికి చేరి, గడ్డి మేస్తున్న మందను నీటివైపు నుంచి అడ్డుకోవడం నేను చూశాను. పిల్లలున్న ఏనుగులు నది దాటాలనుకుని ఆగిపోయాయి. అలాంటి సమయంలో మన పడవ వెనక్కి తీయమని అడగడానికి మొహమాటపడకండి. పడవ నడిపేవారు చాలాసార్లు ప్రయాణికుల కోసమే దగ్గరికి వెళ్తారు, ప్రయాణికులే వద్దంటే ఆనందంగా దూరం జరుగుతారు.

రాత్రి పడవ చిన్నదే, కానీ వదులుకోకండి. దీపం వెలుగులో మొసళ్ల కళ్లు ఎర్రగా మెరుస్తాయి, లకుముకి పిట్టలు నీటి మీదికి వాలిన సన్నటి కొమ్మ మీద ముడుచుకుని నిద్రపోతుంటాయి, చేపలు పట్టే గుడ్లగూబ ఒడ్డున కొయ్య మీద కూర్చుని ఉంటుంది. దీపాన్ని ఏ ప్రాణి కళ్లలోకీ ఎక్కువసేపు నిలపని గైడు మంచి గైడు. నదిలో ఉన్నవి ఉప్పునీటి మొసళ్లు, మనుషులకు ప్రమాదకరమైనవి; పగలైనా సరే చేతులు నీళ్లలో పెట్టవద్దని పెద్దవారికి కూడా చెప్పి ఉంచండి.

మీ తల్లిదండ్రుల విషయంలో ఆలోచించవలసింది పడవ ఎక్కడం, దిగడం గురించే. చాలా బసల దగ్గర చెక్క మెట్లు ఉంటాయి, నది మట్టం తగ్గితే అవి నిటారుగా, తడిగా మారతాయి. పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో ముందే అడగండి. అడవిలో నడిపించే కార్యక్రమానికి వారు వెళ్లకపోయినా ఫర్వాలేదు, జలగల బాధ అంతా అక్కడే. కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు సోకే నోలెసి రకం మలేరియా సబాలో ఉంది, కాబట్టి బయలుదేరే ముందు వైద్యుణ్ని సంప్రదించండి. సాయంత్రం పడవలో పొడవు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వర్షాలు అధికం, నది పొంగి ఒడ్డున ఉన్న దారులు మునగవచ్చు. మార్చి తర్వాత వెళ్లడం మేలు, అయినా వాన కోటు ఏ నెలలోనైనా సంచిలో ఉండాలి. ఎనిమిది రెట్లు పెంచి చూపే బైనాక్యులర్లు మనిషికి ఒకటి చొప్పున ఉంటే మంచిది. ఒకదాన్ని చేతులు మార్చుకునేలోపు పక్షి ఎగిరిపోతుంది.

దారిలో సెపిలోక్ వద్ద 1964లో మొదలైన ఒరంగుటాన్ల పునరావాస కేంద్రాన్ని చూడండి, అడవిలో అవి కనిపించకపోయినా వెలితి ఉండదు. గోమంటోంగ్ గుహల నుంచి సాయంత్రం లక్షల గబ్బిలాలు బయటికి రావడం కూడా గొప్ప దృశ్యమే, కానీ దానికోసం ఒక సాయంత్రం పడవను వదులుకోవాలి. రెండు రాత్రులే ఉంటే నేనైతే పడవనే ఎంచుకుంటాను. లాడ్జీలలో కాకుండా నది మీదే తరతరాలుగా బతికిన ఒరాంగ్ సుంగై ప్రజల ఇళ్లలో ఉండాలనుకుంటే బాటు పుటే గ్రామంలో మిసో వలై హోమ్‌స్టే ఉంది. అక్కడ సౌకర్యాలు తక్కువ, కానీ మీరు ఇచ్చే డబ్బు నేరుగా అడవి పక్కన ఉన్న కుటుంబాలకు చేరుతుంది.

బస ఖరారు చేసే ముందు, ధర కంటే ముందు ఈ సంగతులు రాతపూర్వకంగా అడగండి: రెండు రాత్రులకు ఎన్నిసార్లు పడవ ఎక్కిస్తారు, అందులో తెల్లవారుజాము పడవ ఉందా, పడవకు ఎంతమందిని కూర్చోబెడతారు, జంతువుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాడే ఎలక్ట్రిక్ మోటారు ఉందా, గైడు ఆ గ్రామంవాడేనా. వీటికి సూటిగా జవాబిచ్చిన చోట గది చిన్నదైనా అక్కడే ఉండండి.