ఏడేళ్ల పెట్రోల్ కారు: షోరూం ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వాలా, వేలంలో అమ్మాలా? బ్యాంకు వేలంలో కొనవచ్చా?

ఏడేళ్లు నడిచిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ను కొత్త కారు కొనే షోరూంలోనే ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వాలా, ఆన్‌లైన్ వేలంలో అమ్ముకోవాలా అని మీరు అడిగారు. బ్యాంకులు స్వాధీనం చేసుకున్న కార్ల వేలంలో బండ్లు బాగా చౌకగా దొరుకుతాయన్న మాట ఎంతవరకు నిజమో, మీ తమ్ముడు చూస్తున్న ఢిల్లీ రిజిస్ట్రేషన్ డీజిల్ కారు సంగతేమిటో కూడా అడిగారు. విజయవాడలోని ఒక కార్ల షోరూంలో పాత కార్ల విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ తర్వాత కూడా బంధువులకు, స్నేహితులకు తోడుగా వేలం యార్డులకు వెళ్తూనే ఉన్నాను. అందువల్ల నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీ కారు అమ్ముకోవడానికి వేలం మంచి దారే, కానీ ఇంటి అవసరానికి కారు కొనుక్కోవడానికి అది దారి కాదు. వేలంలో బండి గురించి ఎవరికి తక్కువ తెలుసో వారే నష్టపోతారు. అమ్మేటప్పుడు బండి గురించి అందరికంటే బాగా తెలిసినది మీకే, కొనేటప్పుడు అందరికంటే తక్కువ తెలిసినదీ మీకే.

ఎక్స్ఛేంజ్ అంటే షోరూం మీ కారును కొంటుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతవరకు షోరూం తన సొంత డబ్బు పెట్టేది చాలా తక్కువ. మా దగ్గర కస్టమర్‌ను కూర్చోబెట్టి టీ తెప్పించేవాళ్లం. ఈలోగా మా కుర్రాడు బండి చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచి ఫొటోలు, మీటరు రీడింగు, ఆర్‌సీ ఫొటో తీసి, బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేసిన వీడియోతో సహా సెకండ్ హ్యాండ్ డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. కస్టమర్ టీ తాగేలోపే ‘మూడు తొంభై’, ‘నాలుగు’, ‘ఓనర్ ఒక్కడేనా? అయితే నాలుగు పది’ అంటూ మెసేజ్‌లు వచ్చేవి. వాటిలో పై ధర నుంచి మా మార్జిన్ తీసేసి, మిగిలిన అంకెను కస్టమర్‌కు మా ధరగా చెప్పేవాళ్లం. కాబట్టి ఎక్స్ఛేంజ్ కూడా ఒక వేలమే. కాకపోతే ఆ వేలంలో పాటలు మీకు కనిపించవు.

ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం అంతే. అయితే ఇక్కడే మీరు గట్టిగా అడగవలసినది ఒకటుంది. పాత కారు ధర, కంపెనీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్, కొత్త కారు మీద షోరూం ఇచ్చే డిస్కౌంట్, ఈ మూడూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చే డబ్బులు. సేల్స్ ఎగ్జిక్యూటివ్ మాత్రం వాటిని కలిపేసి ‘మీ బండికి నాలుగున్నర ఇస్తున్నాం సార్’ అంటాడు. విడదీసి చూస్తే పాత కారుకు నాలుగు లక్షలు, బోనస్ ముప్ఫై వేలు, ఎక్స్ఛేంజ్ లేకుండా కొన్నా మీకు దక్కవలసిన డిస్కౌంట్ ఇరవై వేలు అని తేలవచ్చు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి చెప్పినవే. అందుకని ముందు పాత కారు మాట ఎత్తకుండా కొత్త కారు ఆన్‌రోడ్ ధరను కాగితం మీద రాయించుకోండి, ఆ తర్వాతే పాత కారు తాళాలు బల్ల మీద పెట్టండి. మరొక సంగతి ఏమిటంటే, బోనస్‌ను షోరూంకు కంపెనీ సాధారణంగా పాత కారు ఆర్‌సీ వేరొకరి పేరుకు మారినట్టు కాపీ చూపించాకే చెల్లిస్తుంది. కాబట్టి కారును బయట అమ్మి, ఆర్‌సీ బదిలీ కాపీ తెస్తే బోనస్ ఇస్తారా అని అడగవచ్చు. కొన్ని షోరూంలు ఒప్పుకుంటాయి. పాత ఆర్‌సీ మీ పేరున ఉండి కొత్త కారు మీ భార్య పేరున తీసుకుంటున్నట్లయితే, కుటుంబ సంబంధం చూపే కాగితం అడుగుతారు.

ఆన్‌లైన్ వేలంలో పద్ధతి వేరు. ఇన్‌స్పెక్టర్ మీ ఇంటికి వచ్చి బండిని పరిశీలించి రిపోర్టు తయారు చేస్తాడు, ఆ రిపోర్టు మీద వివిధ ఊళ్ల డీలర్లు పోటీ పడి పాడతారు. పోటీ ఎక్కువ కనుక మారుతీ, హ్యుందాయ్ పెట్రోల్ బండ్లకు, అందులోనూ మొదటి ఓనర్ వద్ద సర్వీసు రికార్డు పక్కాగా ఉన్నవాటికి, షోరూం చెప్పే ధర కంటే కొంత ఎక్కువే వస్తుందని నా అనుభవం. ఇబ్బంది ఎక్కడంటే, ఫోనులో మొదట చూపించే ధర వేరు, వేలంలో ఖరారైన ధర వేరు, బండి తీసుకువెళ్లడానికి వచ్చినవాడు ‘ఈ గీత రిపోర్టులో లేదు’ అంటూ తగ్గించే ధర వేరు. ఇన్‌స్పెక్షన్ నాడు బంపర్ మీది గీతలు, మార్చిన టైర్లు, రీపెయింట్ చేయించిన డోరు, అన్నీ మీరే దగ్గరుండి రాయించండి. దాచిన లోపాన్ని సాకుగా చూపి చివరి రోజున ఎక్కువ కోస్తారు, ముందే రాయించిన లోపం మీద కోయడానికి వీలుండదు.

మీ పద్ధతి ఇలా ఉండవచ్చు: ముందు ఆన్‌లైన్ వేలంలో ధర ఖరారు చేయించుకోండి, అది ఎన్ని రోజులు నిలబడుతుందో అడగండి, ఆ అంకెను చేతిలో పెట్టుకుని షోరూంకు వెళ్లండి. బోనస్‌తో కలిపి షోరూం ధర దానిని దాటితే అక్కడే ఇచ్చేయండి. షోరూం ధర పది వేలు తక్కువైనా అటువైపే మొగ్గుతాను నేను, ఎందుకంటే ఆర్‌సీ బదిలీ కాకపోతే వెళ్లి అడగడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు.

ఆర్‌సీ బదిలీ గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. డీలర్ మాత్రం మీ చేత యాజమాన్య బదిలీ ఫారాలైన 29, 30 మీద ఖాళీగా సంతకాలు చేయించుకుని, బండి అసలు కొనుగోలుదారుకు అమ్ముడయ్యేదాకా వాటిని తన దగ్గరే ఉంచుకుంటాడు. ఆ నెల, రెండు నెలల్లో బండి ఎవరి చేతిలో ఉన్నా రికార్డులో ఓనర్ మీరే. చలాన్లు మీ ఫోనుకే వస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం కూడా ఉంది. ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారి, ఆర్‌సీలో మాత్రం మొదటి యజమాని పేరే మిగిలిపోయిన కారు ప్రమాదానికి గురైన కేసులో, నష్టపరిహారం విషయంలో రికార్డులో ఉన్న ఓనరే యజమాని అవుతాడని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ తీర్పులో స్పష్టంగా చెప్పింది.

ఈ చిక్కును తీర్చడానికే కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు అధికార పత్రం అనే ఏర్పాటు తెచ్చింది. అధికార పత్రం ఉన్న డీలర్‌కు బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ బండికి డీలరే యజమానిగా లెక్క. కనుక మీ కారు తీసుకునేవారిని, షోరూం అయినా ఆన్‌లైన్ సంస్థ అయినా, 29సీ చేస్తారా అని సూటిగా అడగండి. చేయబోమని అంటే, తేదీ, సమయం, మీటరు రీడింగు, అప్పటి నుంచి బాధ్యత తమదేనన్న మాట ఉన్న డెలివరీ నోటు తీసుకోకుండా తాళం ఇవ్వవద్దు. రెండో తాళం కూడా పూర్తి డబ్బు ఖాతాలో పడ్డాకే ఇవ్వండి.

పాత కారు మీద లోన్ తీరిపోయినా ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) అలాగే ఉండిపోయి ఉంటే, బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఆ నమోదు తీసేయించే ఫారం 35 ముందే తెచ్చుకోండి. ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. వరుసగా క్లెయిములు లేకపోతే, సొంత బండికి జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియం (ఓన్ డ్యామేజ్) మీద ఆ తగ్గింపు 50 శాతం దాకా పెరుగుతుంది. బండి అమ్మినట్టు కాగితం చూపి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ బోనస్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు, మూడేళ్ల వరకు చెల్లుతుంది. షోరూంవారు అడగనిదే గుర్తుచేయరు.

ఇక బ్యాంకు వేలం. వాయిదాలు కట్టనివారి దగ్గర నుంచి ఫైనాన్స్ సంస్థలు తెచ్చుకున్న బండ్లను మనవాళ్లు సీజింగ్ బండ్లు అంటారు. వాటిని ఊరి బయట యార్డుల్లో ఎండకూ వానకూ వదిలేసి, ‘ఉన్నది ఉన్నట్లుగా’ అన్న షరతు మీద వేలం వేస్తారు. ముందుగా ఈఎండీ (ధరావతు) కట్టాలి, యార్డులో బండిని చూసుకోవాలి, పాడాలి. చాలా చోట్ల స్టార్ట్ చేసి చూపిస్తారే గాని నడిపి చూడనివ్వరు. బ్యాటరీ దిగిపోయి ఉంటే స్టార్ట్ చేయడమూ ఉండదు. పై పాట మీదే అయినంత మాత్రాన బండి మీదైపోదు. బ్యాంకు ఆమోదించాలి, ఆమోదించకపోతే ఈఎండీ తిరిగి ఇస్తారు. ఆమోదించాక కొద్ది రోజుల గడువులోనే మొత్తం డబ్బు కట్టాలి. ఆర్‌సీ ఇంకా మీ పేరున లేని బండికి లోన్ పుట్టించడం కష్టం కాబట్టి, చేతిలో రొక్కం ఉన్నవాడికే ఈ వేలం. డీలర్లకు అది ఉంటుంది, పైగా నష్టం వచ్చిన ఒక బండిని లాభం వచ్చిన నాలుగు బండ్లతో సర్దుకుంటారు. మీరు కొనేది ఒక్క బండి.

ధరలో తేడా ఉన్న మాట నిజమే. కానీ ఆ తేడాలో నుంచి వేలం సంస్థ రుసుము, దాని మీద జీఎస్టీ, ఆలస్యమైతే యార్డు పార్కింగు, కొత్త బ్యాటరీ, నెలల తరబడి ఒకే చోట నిలబడి పాడైన టైర్లు, లేని రెండో తాళం, పెండింగు చలాన్లు, కొత్త ఇన్సూరెన్సు అన్నీ తీసేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది పాత యజమాని సహకారం, అది మీకు దొరకదు. తన బండిని లాక్కుపోయారన్న కోపంలో ఉన్నవాడు ఫారం 29 మీద ఎందుకు సంతకం పెడతాడు? అటువంటి పరిస్థితికి చట్టంలో మార్గముంది. ఫైనాన్స్ సంస్థ ఫారం 36 ద్వారా దరఖాస్తు చేసి, అధికారి పాత యజమానికి నోటీసు ఇచ్చాక, ఆర్‌సీని తన పేరున తెచ్చుకుని, తర్వాత కొన్నవారికి బదిలీ చేయాలి. ఆ పని పూర్తయిందా, కాకపోతే ఎవరు చేస్తారు, ఎన్నాళ్లు పడుతుంది అన్నది పాటకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. సమాధానం ‘అదంతా అయిపోతుంది సార్’ అయితే ఆ బండి వదిలేయండి. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే కొన్న కారును ఆర్‌సీ రాక నెలల తరబడి సందులో కవరు కప్పి ఉంచుకున్నారు.

వేలంలో అయినా, డీలర్ దగ్గర అయినా, మన ప్రాంతంలో ప్రత్యేకంగా భయపడవలసినవి నీట మునిగిన బండ్లు. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు, కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్‌గా లెక్కకట్టి, ఆ బండిని సాల్వేజ్ (పాడైన సరుకు) కింద అమ్ముతుంది. కొన్నవాడు కడిగి, ఎండబెట్టి, మళ్లీ రోడ్డు ఎక్కించవచ్చు. నేను యార్డులో బండి ఎక్కగానే చేసే మొదటి పని సీటు బెల్టును చివరిదాకా లాగడం. పైన కనిపించే భాగాన్ని ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరెడు భాగంలో బురద చార కనిపిస్తుంది, వేలితో రుద్దితే సన్నటి మన్ను అంటుకుంటుంది. తర్వాత సీటు కింద బోల్టుల తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంట, మ్యాట్ కింద కార్పెట్ వాసన చూస్తాను. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా గేరు దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది కనుక నీళ్లు ముందు దానినే తాకుతాయి. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు, అసలు వెలగకపోతే ఎవరో ఆ లోపాన్ని దాచినట్టు.

మీటరు తిప్పడం గురించి అందరూ చెబుతారు కనుక క్లుప్తంగా అంటాను: కంపెనీ సర్వీసు సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి పాత సర్వీసుల్లో నమోదైన కిలోమీటర్లు కనుక్కోండి. టైరు మీద తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెల కోడ్‌ను కూడా మీటరుతో పోల్చండి. ‘ఇరవై వేలే తిరిగింది’ అన్న ఏడేళ్ల బండికి మూడో జత టైర్లు ఉండవు.

మీ తమ్ముడి ఢిల్లీ డీజిల్ విషయం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఢిల్లీ రాజధాని ప్రాంతంలో తిరగనివ్వకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అక్కడి పాత డీజిల్ కార్లు ఇక్కడికి చౌకగా రావడానికి అదే కారణం. వాటిలో మంచి బండ్లు లేకపోలేదు. కానీ ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. రిజిస్ట్రేషన్ గడువు మాత్రం మొదటి తేదీ నుంచి లెక్కించే 15 ఏళ్లే. తొమ్మిదేళ్ల బండి కొంటే చేతిలో ఆరేళ్లే ఉంటాయి, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యూవల్ కోసం వెళ్లాలి. ట్యాక్స్ ఎంతో మన రవాణా కార్యాలయంలో ముందే లెక్క కట్టించుకుని, దానిని బండి ధరకు కలిపి, అదే సంవత్సరం మోడల్ ఏపీ లేదా తెలంగాణ నంబరు బండి ధరతో పోల్చి చూడమనండి. తేడా యాభై వేల లోపే అయితే ఇక్కడి బండే తీసుకోమనండి. ఢిల్లీదే కావాలనుకుంటే, ఎన్‌వోసీ అసలు ప్రతి చేతికి వచ్చి, అందులోని ఛాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబరుతో సరిపోయేదాకా అడ్వాన్సు దాటి ఒక్క రూపాయి ఇవ్వవద్దని చెప్పండి.