హైదరాబాద్ సరే, తండ్రీకొడుకుల మాటల సంగతేమిటి?

ఉత్తరం: అక్కా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయనకు ఎరువుల దుకాణం, కాలువ కింద నాలుగెకరాలు ఉన్నాయి. బాబుకు పదిహేడేళ్ళు, పాపకు పద్నాలుగు. దసరా సెలవుల్లో మూడు రోజులు పిల్లలను హైదరాబాద్ తీసుకుపోదామనుకుంటున్నాం. వనస్థలిపురంలో మా ఆడబిడ్డ ఇంట్లో దిగుతాం. ఈ వయసు పిల్లలు ఫోన్ పక్కన పెట్టి సంతోషంగా తిరగాలంటే ఏమేం చూపించాలి? పాప స్నో వరల్డ్, రామోజీ ఫిల్మ్ సిటీ అంటోంది. బాబు మాత్రం "నేను రాను, మీరు పోండి" అంటున్నాడు. నిరుడు వాణ్ణి హైదరాబాద్‌లో ఇంటర్ హాస్టల్‌లో వేశాం. దసరాకు ఇంటికొచ్చి మళ్ళీ పోనన్నాడు. కట్టిన లక్షా ఇరవై వేలు పోయాయి. ఇప్పుడు ఇక్కడే సర్కారు కాలేజీలో చదువుతున్నాడు. అప్పటినుంచి వాళ్ళ నాన్నకు, వాడికి మాటల్లేవు. అది వేరే సంగతి. వాణ్ణి ఎట్లా ఒప్పించాలి, ఎక్కడెక్కడ తిప్పాలి, చెప్పగలరు.

జవాబు: చెల్లెమ్మా, మీరు రాసిన నాలుగు పేజీలను నేను పైన కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో మూడున్నర పేజీలు హైదరాబాద్ గురించే. ఏ బస్సుకు పోవాలి, టిఫిన్ ఎక్కడ చేయాలి, స్వెటర్లు పట్టుకుపోవాలా అని. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ ఏడాదిగా మాటల్లేవన్న దానికి మూడు లైన్లు. ఆ లైన్ల చివర "అది వేరే సంగతి" అన్నారు. నేను అక్కడే ఆగిపోయాను. అది వేరే సంగతి కాదమ్మా. మీరు అడగాల్సింది అదొక్కటే.

ముందు మీ ప్రశ్న తేల్చేస్తాను. స్నో వరల్డ్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఉంది. చలికోట్లు, బూట్లు వాళ్ళే ఇస్తారు, మీ స్వెటర్లు అక్కర్లేదు. రామోజీ ఫిల్మ్ సిటీ మీరు వచ్చే విజయవాడ హైవే మీదే, చౌటుప్పల్ దాటాక, హయత్‌నగర్ రాకముందే తగులుతుంది. దానికి ఒక రోజంతా పోతుంది, నలుగురికీ టికెట్లంటే ఖర్చు కూడా గట్టిగానే అవుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూ పార్కుకు సోమవారం సెలవు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే ట్రాఫిక్ బాధ ఉండదు. ఇంతవరకు మీ ఆడబిడ్డను అడిగినా చెప్తుంది.

ఫిల్మ్ సిటీ మంచిదే, పాప సరదా పడుతోంది కాబట్టి వద్దనను. కానీ అక్కడ బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు, స్టేజీ మీద ఆటలు చూపిస్తారు. నలుగురూ పక్కపక్కనే కూర్చుని, ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడకుండా రోజంతా గడిపి రావచ్చు. ఫోటోల్లో అందరూ నవ్వుతూ కనిపిస్తారు. ఏడాదిగా మీ ఇంట్లో జరుగుతున్నది అదే కదా. దానికి మళ్ళీ టికెట్ కొనడం ఎందుకు?

ఇప్పుడు బాబు సంగతి. "నేను రాను" అంటే మీకు మొండితనంగా కనిపించింది. సరిగ్గా ఏడాది కింద, ఇవే దసరా సెలవులకు, వాడు సంచీ సర్దుకుని ఇంటికి వచ్చాడు. నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆ నాలుగు నెలల్లో చార్మినార్ చూశాడా? ట్యాంక్‌బండ్ చూశాడా? మీరు రాయలేదు, నాకైతే అనుమానమే. హాస్టల్ పిల్లలు నాకు రాసే ఉత్తరాల్లో ఒకటే బతుకు కనిపిస్తుంది. పొద్దున అయిదింటికి లేపడం, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్, ఆదివారమూ పరీక్షే, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చడం. మనకు హైదరాబాద్ అంటే గోల్కొండ, బిర్యానీ. వాడికి హైదరాబాద్ అంటే ఇనుప మంచాల గది. అక్కడికి, తనతో మాట్లాడని నాన్న వెంట, సంతోషంగా తిరగడానికి రమ్మంటున్నారు. పదిహేడేళ్ళ పిల్లవాడు రానంటే తప్పేముంది?

మీ ఆయన బాధ నాకు అర్థం కాకపోలేదు. లక్షా ఇరవై వేలంటే నాలుగెకరాల రైతుకు చిన్న మాట కాదు. పైగా దుకాణం. పొద్దంతా వచ్చే పోయే రైతులు "మీ పిలగాడు పట్నంలో సదువుతుండె గదా, వాపసొచ్చిండంట?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న దెబ్బ ఆయనకు తగిలి ఉంటుంది. కోపం రావడం సహజం. అరిచినా నేను తప్పు పట్టేదాన్ని కాదు. అరిచిన ఇంట్లో తెల్లారి మళ్ళీ చాయ్ తాగుతారు. కానీ కన్నకొడుకును ఏడాదిపాటు గోడను చూసినట్టు చూడటం కోపం కాదు, శిక్ష. అది కూడా ఎప్పుడు అయిపోతుందో చెప్పని శిక్ష. పిల్లవాడే మెట్టు దిగి రావాలని నలభై దాటిన మనిషి కాచుక్కూర్చోవడం నాకు ససేమిరా ఒప్పదు. ముందు మాట పెద్దవాడిదే కావాలి. కని పెంచినందుకు మనకు గౌరవం ఎంత రావాలో, ముందుగా పలకరించే బాధ్యతా అంతే ఉంటుంది.

మీకూ ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. "నీ కొడుకును తినమను" అని ఆయనంటే మీరు వెళ్ళి తినమంటున్నారు. "డాడీని బస్ పాస్ పైసలు అడుగమ్మా" అని వాడంటే మీరు వెళ్ళి అడుగుతున్నారు. ఇల్లు ప్రశాంతంగా ఉండాలనే చేస్తున్నారు, నాకు తెలుసు. మన ఆడవాళ్ళందరం చేసే పనే అది. కానీ ఇద్దరి మాటలూ మీరు మోస్తున్నంత కాలం వాళ్ళకు మాట్లాడుకోవాల్సిన అవసరమే రాదు. ఈ రోజు నుంచి మోయడం ఆపండి. పోట్లాడక్కర్లేదు. "వాడు అక్కడే ఉన్నడు, మీరే చెప్పండి" అని మీ పని మీరు చేసుకోండి. వారం రోజులు ఇల్లు బిగుసుకుపోతుంది, టెన్షన్ పడకండి. పాపతో కూడా ఈ పోస్టుమాన్ పని చేయించకండి.

మా ఇంట్లోనూ ఇది జరిగింది. మా అన్న డిగ్రీ మధ్యలో మానేశాడని మా నాన్న నాలుగేళ్ళు వాడితో మాట్లాడలేదు. ఒకే వరండాలో చెరొక మంచం. మా అమ్మ మధ్యలో నలిగిపోయింది. ఒక ఎండాకాలం రాత్రి బావి దగ్గర మోటరు స్టార్టర్ కాలిపోయింది. మడి ఎండిపోతోంది, మెకానిక్ రాలేదు. మా అన్న చేతిలో బ్యాటరీ లైటు పట్టుకుని డబ్బా విప్పుతుంటే నాన్న పక్కన కూర్చున్నాడు. "ఆ టెస్టర్ ఇటియ్యి" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట అది. క్షమాపణలేమీ లేవు, కన్నీళ్ళూ లేవు. తెల్లారి "కరెంటు ఎన్ని గంటలకు పోయింది?" అని ఇంకో మాట అడిగాడు. అట్లా మొదలయింది. ఆ నాలుగేళ్ళు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. మా అన్న పెళ్ళిచూపులు కూడా ఆ మధ్యలోనే అయిపోయాయి, నాన్న పెద్దమనిషిలా ఒక మూల కూర్చుని వచ్చాడు.

అందుకే అంటున్నా, మీ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే ప్రయత్నం చేయకండి. పని కల్పించండి. దుకాణంలో కాంటా చెడిపోతే బాబే బాగు చేశాడని మీరే రాశారు. మిక్సీ, ఫ్యాను, బండి, అన్నీ వాడే విప్పి బిగిస్తాడన్నారు. అలాంటి పిల్లవాడికి చూపించాల్సింది బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గరి సుధా కార్ మ్యూజియం. క్రికెట్ బ్యాట్ ఆకారంలో ఒక కారు, బూటు ఆకారంలో ఒకటి, బర్గర్‌లా ఒకటి, అన్నీ నిజంగా నడిచేవే. సుధాకర్ అనే ఆయన పాత సామాను కలిపి తన చేతులతో చేసినవి. 2005లో గిన్నిస్ రికార్డుకెక్కిన పెద్ద మూడు చక్రాల సైకిల్ కూడా ఆయనదే. అక్కడ మీరూ పాపా వెనకబడి నడవండి. ఇంజను ఎక్కడ పెట్టారో, హ్యాండిల్ ఎట్లా తిరుగుతుందో ఆ ఇద్దరిలో ఎవరో ఒకరికి నోటిదాకా వస్తుంది. మీ ఆయన కూడా పంపుసెట్లు విప్పిన చెయ్యే కదా.

ఫోన్ పక్కన పెట్టించాలన్నారు. వద్దు. ఆ ఫోన్‌తోనే వాడికి పెత్తనం ఇవ్వండి. మెట్రో టికెట్ ఫోన్‌లోనే తీయొచ్చు. ఎల్.బి.నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో లైను మారితే దుర్గం చెరువు దాకా పోవచ్చు, సాయంత్రం కేబుల్ బ్రిడ్జి లైట్లు పాపకు నచ్చుతాయి. ఎక్కడ దిగాలో, ఎటు మారాలో తెలిసిన మనిషి మీలో వాడొక్కడే ఉండాలి. మీ ఆయన మిమ్మల్ని అడుగుతారు, "ఏ స్టేషన్?" అని. "నాకేం తెలుసు" అనండి. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకండి.

గోల్కొండకు తప్పకుండా పోండి, పొద్దున్నే, ఎండెక్కక ముందే. పైదాకా మూడు వందల అరవై మెట్ల దాకా ఉంటాయి. సగం దారిలో మీ ఆయన ఆగుతారు, దమ్ము తీసుకుంటారు. నీళ్ళ సీసా బాబు దగ్గర ఉండనివ్వండి. మీ సంచిలో పెట్టుకోకండి.

ఇంకొకటి చెప్తాను, ఇది నల్లగొండ మనిషిగా నాకు ఇష్టమైన సంగతి. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడు మన రాయే. భువనగిరి దగ్గర రాయగిరి గుట్టల్లో చెక్కారు, అప్పుడది మన జిల్లా. ఏకశిల, 58 అడుగులు. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే ఒరిగి సాగర్‌లో మునిగిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. మీ ఆయన అప్పుడు బడికి పోయే పిల్లవాడై ఉంటారు, ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ ముచ్చట చెప్పుకోవడం వినే ఉంటారు. లుంబినీ పార్కు దగ్గర పడవెక్కి విగ్రహం దాకా పోండి. అక్కడ ఆ కథ ఆయన చెప్పాలి. పాపకు చెప్పమనండి. బాబు పక్కనే ఉంటాడు, చెవులున్నాయి కదా, వింటాడు.

ఇక మీ ఆడబిడ్డ ఇల్లు. ఆవిడ మంచిదే కావచ్చు. కానీ ఆవిడ కొడుకు ఇంజనీరింగ్‌లో ఉన్నాడని రాశారు. చెప్పులు విప్పకముందే "ఏమిరా, ఇంటరు ఎట్ల నడుస్తుంది?" అని ప్రశ్న వస్తుంది. బావను చూసి నేర్చుకోమంటారు. మీ ఆయన తల దించుకుంటారు, బాబు బయటికి పోతాడు, మూడు రోజులూ మొదటి గంటలోనే ఖర్చయిపోతాయి. అందుకని బయలుదేరే ముందే మీ ఆయన వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేయాలి. "పిలగాని సదువు ముచ్చట ఎత్తొద్దు, వాడు మంచిగనే సదువుతుండు" అని చెప్పాలి. మీరు చెప్తే వదిన తగవు అవుతుంది. అన్న చెప్తే మాటకు విలువ ఉంటుంది. ఆ ఫోన్ ఇంట్లోనే, బాబు వినేలా చేయమనండి. ఆయన ఒప్పుకోకపోతే అక్కడ దిగకండి, కోఠి దగ్గరో సికింద్రాబాద్‌లోనో లాడ్జి చూసుకుని, ఆడబిడ్డ ఇంటికి ఒక పూట భోజనానికి పోయి రండి. ఇందులో నేను రాజీ పడమని చెప్పను. చుట్టాల ముందు కొడుకును కాపాడుకోలేకపోతే, వాణ్ణి ఎన్ని చోట్లకు తిప్పినా ఒకటే.

బాబును ఒప్పించే పని కూడా మీది కాదు. మీ ఆయన్నే పిలవమనండి. పెద్ద మాటలు అక్కర్లేదు. "ఆ కార్ల మ్యూజియం ఏందో చూసొద్దాం రా" అంటే చాలు. ఆ మాట తర్వాత కూడా రానంటే బలవంతం చేయకండి, ప్రయాణమే వాయిదా వేయండి. వాణ్ణి ఒక్కణ్ణే ఇంట్లో వదిలి మీరు ముగ్గురూ పోవద్దు. పాపకు కోపం వస్తుంది, సంక్రాంతికి తీసుకుపోండి.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్తగా చూడండి. వాడు రాత్రుళ్ళు నిద్రపోతున్నాడా, తింటున్నాడా, దోస్తులతో కలుస్తున్నాడా? "నేను లేకుంటే మీకు బాధ పోతుంది" లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? అని ఉంటే ఈ ప్రయాణం, ఈ సలహా అన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ను కలవండి. వాణ్ణి ఒంటరిగా ఉంచకండి. మనసు బాగాలేనివాళ్ళకు సాయం చేసే సర్కారు ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, దాని నంబరు 14416, డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా పలుకుతారు. ఈ విషయంలో పరువు గురించి ఆలోచించకండి.

ఎట్లా ఉన్నా సద్దుల బతుకమ్మకు ముందు రోజే ఇంటికి చేరుకోండి. తెల్లారి తంగేడు, గునుగు పువ్వులకు మగవాళ్ళనే కదా పంపుతాం. మీ ఆయన్నీ, బాబునూ చెరొక దిక్కుకు పంపకండి. ఒక్క బండి మీద పంపండి, బండి బాబును నడపనివ్వండి. నిండుగా రెండు సంచులు కావాలని చెప్పండి, త్వరగా రమ్మని మాత్రం చెప్పకండి.